చేతికి చెయ్యి

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. పెద్దడాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే ముసలాయన దాకా అందరికీ ఆమె పిండికట్టక్క. ఎముక విరిగి వచ్చినవాళ్ళకి డాక్టరు ఎముక సరిచేస్తే, దాని మీద పిండికట్టు వేసేది ఆమె. పద్దెనిమిదేళ్ళుగా అదే గది, అదే కిటికీ, అదే గోరువెచ్చటి నీళ్ళ బకెట్టు. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె మొదట చెప్పేది ఒకటే మాట.

"వేళ్ళతో నొక్కకండి, అరచేత్తో నిమరండి. ఇప్పుడు మీ వేలు పడి గుంట పడిందా, కట్టు విప్పేదాకా ఆ గుంట లోపల చర్మాన్ని పొడుస్తూనే ఉంటుంది."

ఆ శుక్రవారం బడికి ఒంటిపూట. మధ్యాహ్నం మూడింటికి పైవాటా పెద్దమ్మ తన మనవణ్ణి తీసుకుని ఆ గది గుమ్మంలో నిలబడేసరికి పిండికట్టక్క చేతిలో కత్తెర కింద పెట్టేసింది. వాళ్ళు వీళ్ళ ఇంటికి సరిగ్గా పైన ఉంటారు. వాడి పేరు ఏదైతేనేం, మెట్ల మీద అందరూ పిలిచేది బుడంకాయ అనే. ఎనిమిదేళ్ళు. అమ్మానాన్నలిద్దరూ ఫ్యాక్టరీలో షిఫ్టులు. పెద్దమ్మకేమో మోకాళ్ళు పట్టేశాయి. అందుకని బడి వదిలాక వాణ్ణి కనిపెట్టుకుని ఉండేది పిండికట్టక్క కూతురే.

"గోడ మీంచి పడ్డాడు," అంది పెద్దమ్మ. ఇంకో మాట లేదు.

కుడిచెయ్యి మణికట్టు దగ్గర గరిటెలా వంగి ఉంది. డాక్టరు మత్తుసూది ఇచ్చి, లాగి, ఎముకని దారిలో పెట్టాడు. ఇక వంతు ఆమెది. ముందు మెత్తటి గుడ్డ తొడిగింది, దూది చుట్టింది, పిండిచుట్టని నీళ్ళలో ముంచి పిండింది. సగం మత్తులో ఉన్నా వాడి నోరు మాత్రం మూతపడలేదు.

"ఎక్కణ్ణించి పడ్డావురా, బుడంకాయ్?"

"పడలేదత్తా. చచ్చిపోయాను."

"చచ్చిపోయినవాడివి భలే కబుర్లు చెబుతున్నావే."

"పిచ్చుకక్క కాల్చింది. ఫోన్లో ఆట ఉంది కదా, అదే బయట ఆడాం. కాలిస్తే పడిపోవాలి. నేను పడనన్నాను, గోడ ఎత్తుగా ఉందన్నాను. అందుకని అక్క తోసేసింది."

పిండిచుట్ట ఆమె చేతుల్లో తిరుగుతూనే ఉంది.

"తర్వాత?"

"అక్క నవ్వింది. పది లెక్కపెడితే మళ్ళీ బతుకుతావు, లే అంది. నేను లెక్కపెట్టానత్తా. పది దాకా పెట్టాను. చెయ్యి రాలేదు."

పెద్దమ్మ అంది, "నీ బిడ్డ సంగతి నా నోటితో నీకు చెప్పడమెందుకని ఊరుకున్నానమ్మా. వాడే చెప్పేశాడు."

చుట్ట చివర ఎలా చుట్టిందో, ఎంత బిగించిందో పిండికట్టక్కకి తెలీలేదు. నోరు మాత్రం రోజూ చెప్పే మాటలే చెప్పింది. చెయ్యి ఎత్తులో పెట్టండి. తడవనివ్వకండి. వేళ్ళు ఉబ్బినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా ఉన్నపళంగా తీసుకురండి. పిండి గట్టిపడుతూ వెచ్చబడుతుంటే బుడంకాయ కళ్ళు పెద్దవి చేశాడు. "అత్తా, కాలుతోంది!" అన్నాడు. "కాలదురా, వెచ్చగా పట్టుకుంటుందంతే," అంది ఆమె, వాడి ముఖం చూడకుండా.

*

పిచ్చుక అంటే ఆమె పదమూడేళ్ళ కూతురు. మూడేళ్ళప్పుడు బల్లి తోక తెగి గిలగిలా కొట్టుకుంటుంటే, దానికి పిండికట్టు వెయ్యమని పూటంతా ఏడ్చి అన్నం మానేసిన పిల్ల. పిండికట్టక్క ఇంటికి వచ్చేసరికి ఆ పిల్లే మంచానికి ఆనుకుని నేలమీద కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, రెండు బొటనవేళ్ళతో ఫోను మీద మనుషుల్ని టపటపా రాలుస్తోంది. ఆకాశంలోంచి దూకి, పాడుబడ్డ ఇళ్ళలో తుపాకులు ఏరుకుని, చివరికి ఒక్కరే మిగిలేదాకా అందరినీ చంపే ఆట అది. అందులో పిచ్చుక పేరు డేగ.

ఆమె వంగి చెవిలో తీగ లాగేసింది.

"వాడి చెయ్యి విరిగింది."

"తెలుసు." పిల్ల తలెత్తలేదు.

"తెలిసీ ఆడుతున్నావా?"

"గోడ ఎంతెత్తుందని? ఇందులో మేడ మీంచి దూకినా ఏం కాదు."

పిండికట్టక్క చెయ్యి పైకి లేచింది. గోళ్ళ చుట్టూ ఎండిన పిండితో ఉన్న ఆ చెయ్యిని గాల్లో తనే చూసుకుంది. దించేసింది. ఫోను లాక్కుని తన పనిసంచీలో పడేసి, జిప్పు లాగింది. పిచ్చుక అరవలేదు, ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పడుకోవడం చూస్తే తల్లికి ఇంకా భయం వేసింది. అరిచినా బాగుండేది.

ఈ గొడవంతా విని ముందుగదిలోంచి తమ్ముడు వచ్చాడు. వీధి చివర కొట్లో ఫోన్లు బాగుచేస్తాడు. పిచ్చుకకి ఆ ఫోను ఇచ్చిందీ, ఆ ఆట పెట్టిచ్చిందీ ఈ మేనమామే. లారీ తోలే బావ నెలకి వారం రోజులు కూడా ఇంట్లో ఉండడు కాబట్టి, ఈ ఇంట్లో మగదిక్కు తనేనని అతని నమ్మకం.

"అక్కా, చేసింది పిల్ల అయితే ఆట మీద పడతావేంటి? కొన్ని లక్షలమంది ఆడుతున్నారు. అందరూ గోడల మీంచి తోసేస్తున్నారా? చిన్నప్పుడు మనం కర్రలు పుచ్చుకుని కొట్టుకోలేదూ?"

"కొట్టుకున్నాం. నీ పన్ను ఊడింది. ఆ రోజు ఏడ్చింది నువ్వు కాదు, నేను."

అతని చెయ్యి పై పెదవి దగ్గరికి వెళ్ళింది.

"మరి ఇది ఏడవలేదురా," అంది ఆమె. "నవ్విందట."

*

మర్నాడు భోజనాల వేళ, గదిలో ఎవరూ లేనప్పుడు, పిండికట్టక్క సంచీలోంచి ఆ ఫోను తీసింది. తమ్ముడికి ఫోన్ చేసి, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో అడిగి తెలుసుకుంది. "ముసలితనంలో ఇదేం సరదా?" అని అతను నవ్వాడు. "నోర్ముయ్యి, ఎడమవైపేనా నడిచేది?" అంది.

మొదటిసారి దిగీ దిగగానే చచ్చింది. రెండోసారి గుమ్మం వెనక దాక్కుని చచ్చింది. మూడోసారి ఎవడో మెట్లు దిగుతూ కనిపిస్తే కాల్చింది. వాడు పడ్డాడు. ఇంకో ఇద్దరిని కాల్చింది. నాలుగోవాడి వెనకాల పరిగెత్తుతుంటే ఎవరో గుమ్మంలోంచి, "అక్కా, మోకాలు కేసు వచ్చింది," అన్నారు. తలెత్తి చూస్తే డబ్బాలో తిండి అట్లాగే ఉంది, టీ మీద మీగడ కట్టింది, గడియారంలో ముప్పావు గంట గడిచిపోయింది.

ఆమెకి అది బాగుంది. పొద్దున్నించీ పడిన చాకిరీ, రాత్రి పట్టని నిద్ర, పెద్దమ్మ గొంతులో ఆ చల్లదనం, అన్నీ ఆ ముప్పావు గంటా ఎక్కడికో పోయాయి. కూతురు ఇందులో ఎందుకు మునిగిందో ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమైంది. బాగున్నందుకే ఫోను గబుక్కున సంచీలో పడేసి జిప్పు లాగింది.

సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికి వస్తూ దాని గురించే ఆలోచించింది. పద్దెనిమిదేళ్ళలో తను చూసినవాళ్ళంతా పడ్డవాళ్ళే. మెట్ల మీంచి, బండి మీంచి, స్నానాలగదిలో జారి. ఒక్కొక్కరి వెనకా చెయ్యి పట్టుకుని తెచ్చినవాళ్ళు ఇద్దరు, బయట బల్ల మీద గోళ్ళు కొరుక్కునేవాళ్ళు ముగ్గురు. ఆ ఆటలో ముప్పావు గంటలో ఎంతమంది పడ్డారో లెక్కలేదు. ఒక్కణ్ణీ ఎత్తడానికి ఎవరూ రాలేదు. పడ్డవాడు పొగలా మాయమైపోయాడంతే. ఆడేవాళ్ళ చేతికి ఏ బరువూ తగలదు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కూతురి పక్కన నేలమీద కూర్చుంది.

"నీ ఆట ఆడాను ఇవ్వాళ."

పిచ్చుక చటుక్కున తిరిగింది. "నువ్వా? ఎంతమందిని..."

"నలుగురిని. కాదు, ముగ్గురిని. నాలుగోవాడు పారిపోయాడు."

పిల్ల పెదవి చివర ఒక్క క్షణం నవ్వు మెదిలింది, ఆరిపోయింది. తర్వాత చాలాసేపు తన కాలి వేళ్ళకేసి చూస్తూ కూర్చుంది. తల్లి ఏమీ అడగలేదు. ఎముక దానంతటది చోటులోకి జారేదాకా లాగి పట్టుకుని ఊరుకోవడం ఆమెకి తెలిసిన పనే.

"అమ్మా, వాడి చెయ్యి వంకరగా ఉంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు. ఆపుదామన్నా ఆగలేదు. నేను చెడ్డదాన్నా?"

"ఒకాయన కొడుక్కి కాలు విరిగితే తీసుకొచ్చాడు," అంది పిండికట్టక్క. "లోపల మేం ఎముక లాగుతుంటే పిల్లాడు కేకలు. బయట ఆ తండ్రి ఒకటే నవ్వు. అందరూ అసహ్యించుకున్నారు. కాస్సేపటికి చూస్తే గోడకి తల కొట్టుకుంటూ నవ్వుతున్నాడు. భయం ఒక్కోసారి నవ్వు చొక్కా వేసుకుని వస్తుందే. అది నేను చాలాసార్లు చూశాను."

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. "అదొక్కటే కాదు. నవ్వు కంటే ముందు... వాడు పడ్డప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. కాసేపే. ఫోన్లో ఎవరో పడ్డట్టే పడ్డాడు అనుకున్నా. ఇప్పుడు మాయమైపోతాడు అన్నట్టు చూస్తూ నిలబడ్డా. వాడు మాయం కాలేదు. అరుస్తున్నాడు. అప్పుడు భయమేసింది. నిన్న నువ్వొచ్చేసరికి ఆడుతున్నది కూడా అందుకే. ఆడుతుంటే ఆ అరుపు వినపడదు."

కాదులే తల్లీ, అదేం లేదులే అని ఒళ్ళోకి లాక్కోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. లాక్కుంది కూడా. కానీ అబద్ధం చెప్పలేదు.

"నవ్వు సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్పాను. ఈ రెండోది నాకూ తెలీదు. కానీ నువ్వు దాన్ని దాచుకోకుండా చెప్పావు చూడు, ఇక ఇద్దరం కలిసి చూసుకుందాం. ముందు లే. పైకి వెళ్దాం."

"నేను రాను."

"నేనూ వస్తున్నానుగా."

"పెద్దమ్మ తిడుతుంది."

"తిడుతుంది," అని ఒప్పుకుంది తల్లి. "తిట్టాలి కూడా."

*

పెద్దమ్మ తిట్టలేదు. తలుపు తీసి, తల్లిని వదిలేసి, పిల్లని నఖశిఖపర్యంతం చూసింది. లోపల బుడంకాయ మూడు దిండ్ల మీద చెయ్యి పెట్టుకుని చిన్న జమీందారులా కూర్చున్నాడు. పిచ్చుక ఏదో అనబోయింది. కళ్ళు ఆ తెల్లటి కట్టు మీదే ఉండిపోయాయి.

"తప్పయిపోయిందంటావు, అంతేగా?" అంది పెద్దమ్మ. "సరే, అన్నావనుకుందాం. దాంతో వీడి చొక్కా బొత్తాలు పడతాయా? చూడు పిల్లా. వాడి కుడిచెయ్యి నువ్వు పుచ్చుకుపోయావు. అది మళ్ళీ వచ్చేదాకా వీడికి చెయ్యివి నువ్వే. బడి వదిలాక రా, చీకటి పడ్డాక పో."

"వస్తాను," అంది పిచ్చుక. అది మాత్రం గట్టిగానే వినపడింది.

ఆదివారం పొద్దున్నే కొలువు మొదలైంది. బుడంకాయ తక్కువవాడు కాదు. పుస్తకంలో పేజీ తిప్పమంటాడు, తిప్పితే వెనక్కి తిప్పమంటాడు. నారింజపండు వలిపించుకుని, తొనల మీద పీచు కూడా తీయిస్తాడు. ముక్కు దురద పెడుతోందంటాడు. "ఎడమచెయ్యి ఉందిగా!" అంటే, "అది నారింజ పట్టుకుంది," అంటాడు. చెయ్యి ఎత్తులో ఉందో లేదో, వేళ్ళు ఎలా ఉన్నాయో గంటకోసారి చూడమని తల్లి చెప్పింది. గోరు నొక్కి వదిలితే తెల్లబడి, మళ్ళీ టక్కున ఎర్రబడాలి. డ్యూటీకి వెళ్ళేముందు తన గోరు మీదే చేసి చూపించింది.

మధ్యాహ్నానికి బుడంకాయ అల్లరి తగ్గింది. పెద్దమ్మ కుర్చీలో కునుకు తీస్తోంది. పిచ్చుక వాడి వేళ్ళకేసి చూసింది. పొద్దున్న కంటే బొద్దుగా, మెరుస్తూ ఉన్నాయి. నొక్కింది. తెల్లబడ్డ గోరు తెల్లగానే ఉండిపోయింది. ఎరుపు చాలాసేపటికి గానీ రాలేదు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"నిజం చెప్పు."

వాడి కింది పెదవి వణికింది. "చెప్తే కట్టు కోస్తారు. రంపంతో కోస్తారట. మా క్లాసువాడు చెప్పాడు. చెయ్యి కూడా కోసేస్తారట."

వాడు పొద్దున్నించీ నొప్పిని మింగుతూ కూర్చున్నాడని అప్పుడర్థమైంది దానికి. నారింజలూ పేజీలూ అన్నీ ఆ నొప్పికి వేసిన దుప్పటి. పెద్దమ్మ ఫోనుతో తల్లికి రెండుసార్లు చేసింది. ఎత్తలేదు. పిండి చేతులతో ఉన్నప్పుడు ఆమె ఫోనెత్తదు. పెద్దమ్మ లేచి ఆ వేళ్ళు చూసి, "నా మోకాళ్ళు మెట్లు దిగేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. నువ్వు పద. పద!" అంది.

ఆసుపత్రి ఆరు స్టాపుల దూరం. ఆదివారమైనా బస్సు కిటకిటలాడుతోంది. పిచ్చుక వాణ్ణి తన ముందు నిలబెట్టుకుని, ఆ కట్టు చెయ్యిని తన రెండు చేతులతో తన తలకంటే ఎత్తుగా పట్టుకుంది. ఎవరైనా దగ్గరికి జరిగితే చాలు, "చెయ్యి! చెయ్యి చూసుకోండి! చెయ్యి విరిగిందండీ!" అని అరిచింది. మామూలుగా కొట్లో చాక్లెట్ అడగడానికే గొంతు రాని పిల్ల. ఒకాయన లేచి సీటిచ్చాడు. వాణ్ణి కూర్చోబెట్టి తను నిలబడింది, చెయ్యి మాత్రం దించలేదు. భుజాలు లాగేస్తున్నాయి. పిండికట్టు అంత బరువుంటుందని దానికి అప్పటిదాకా తెలీదు.

*

పిండికట్టు గది తలుపు తోసుకుని వాళ్ళిద్దరూ వచ్చేసరికి, తల్లికి చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. ఒక్క చూపు చూసి డ్యూటీ డాక్టర్ని కేకేసింది. ఆయన, "ఆలస్యం చెయ్యకు, నిలువునా చీల్చు," అన్నాడు.

రంపం చప్పుడుకి బుడంకాయ కళ్ళు గట్టిగా మూసుకుని పిచ్చుకని వాటేసుకున్నాడు. పిండికట్టక్క ముందు ఆ రంపాన్ని తన అరచేతికే ఆనించి చూపించింది. గరగరమందే తప్ప గీత పడలేదు. "ఇది గట్టిదాన్నే కోస్తుందిరా, మెత్తగా ఉన్నదాన్ని ఏమీ చెయ్యదు. నిన్నేం చేస్తుంది?" అంది. వాడు ఒక కన్ను తెరిచాడు. కట్టు ఈ చివర్నించి ఆ చివరికి చీలింది. లోపలి దూదిని కూడా కత్తిరించి, రెండు అంచులూ విప్పింది. వాడు పొడుగ్గా ఊపిరి వదిలాడు. ముగ్గురూ ఆ వేళ్ళకేసే చూస్తూ నిలబడ్డారు. నెమ్మదిగా, ఒక్కో వేలికీ రంగు వచ్చింది.

"మంచి టైముకి పట్టుకొచ్చారు," అన్నాడు డాక్టరు. "సాయంత్రం దాకా ఆగుంటే కష్టమయ్యేది."

వదులుగా పట్టీ చుట్టి బుడంకాయని పడుకోబెట్టాక చూస్తే పిచ్చుక లేదు. వరండా చివర, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర వాంతి చేసుకుని, నేలమీద చతికిలబడి ఏడుస్తోంది. వెక్కివెక్కి, ముక్కు కారుతూ, చిన్నప్పుడు బల్లి తోక దగ్గర ఏడ్చినట్టే. తల్లి పక్కన కూర్చుంది.

"అది నా వల్లే అమ్మా. అంతా నా వల్లే."

"గోడ నీ వల్ల," అంది పిండికట్టక్క. "అది నేను కాదనను. ఈ కట్టు మాత్రం నా వల్ల."

పిల్ల ఏడుపు ఆపి చూసింది.

"వాపు వస్తుందని తెలుసు. వదులుంచి చుట్టాలి. వాడు నీ పేరు చెప్పాడు చూడు, అక్కణ్ణించి నా చేతులు నా మాట వినలేదు. కోపంలో బిగించి చుట్టానేమో. పద్దెనిమిదేళ్ళలో ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. డాక్టరుకి ఇప్పుడే చెప్పాను. పెద్దమ్మకీ చెప్పాలి."

"తిడుతుందేమో."

"తిడుతుంది. నువ్వు కూడా వస్తావా?"

పిచ్చుక ముక్కు తుడుచుకుని, తల్లి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. పగిలిన ఆ వేళ్ళ సందుల్లోంచి ఎండిన పిండిని గోటితో ఒక్కో రేకూ తీయడం మొదలుపెట్టింది. ఆమె రెండో చెయ్యి కూడా చాపింది.

*

ఈసారి పెద్దమ్మ నిజంగానే తిట్టింది. తల్లినీ పిల్లనీ కలిపి, మధ్యలో ఊపిరి తీసుకోకుండా. తిట్టడం అయ్యాక ఇద్దరికీ టీ పెట్టింది.

వాపు తగ్గాక పిండికట్టక్కే కొత్త కట్టు వేసింది, డాక్టరు పక్కన నిలబడి చూస్తుండగా. నెలన్నరకి అది కూడా విప్పారు. లోపల చెయ్యి సన్నగా, పాలిపోయి, పొట్టు రాలుతూ ఉంటే బుడంకాయ, "ఇది నాది కాదు," అని దెబ్బలాడాడు. ఆ చేత్తో మళ్ళీ పెన్సిలు పట్టించేదాకా పిచ్చుక వెళ్తూనే ఉంది.

ఫోను విషయానికొస్తే, పదిహేను రోజులకి తల్లి సంచీలోంచి తీసి ఇచ్చేసింది. "ఆడొద్దని అనను. ఎంతసేపు ఆడావో నాకు చెప్పు. ఆడాక ఎలా ఉందో కూడా చెప్పు," అంది. పిచ్చుక కొన్నాళ్ళు దాన్ని ముట్టలేదు. తర్వాత ఆడింది. ఒక్కోరోజు అరగంట, ఒక్కోరోజు, అబద్ధమెందుకు, గంటన్నర. "ఇవ్వాళ బాగుంది," అని ఒకసారి, "ఇవ్వాళ ఆడాక చిరాగ్గా ఉంది, అందరినీ కొట్టాలనిపిస్తోంది," అని ఇంకోసారి చెప్పేది. అలా చెప్పిన రోజున మేనమామ, "రా, నాకు స్క్రూలు ఏరిపెట్టు," అని కొట్టుకి తీసుకెళ్ళేవాడు. ఆట మీద ఒక్క మాట పడనివ్వని మనిషి, పదేళ్ళ లోపు పిల్లల ఫోన్లలో ఆ ఆట పెట్టివ్వడం మాత్రం మానేశాడు. ఎందుకని అడిగితే, "ఖాళీ లేక," అనేవాడు.

బుడంకాయ మట్టుకు మారలేదు. చెయ్యి బాగైన వారానికే మెట్ల మీద పిచ్చుక దారికి అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, నాకూ ఫోన్లో ఆ ఆట చూపించవా? ఒక్కసారి?"

"చూపించను."

"మరి ఎప్పుడు?"

"నా అంత అయ్యాక అడుగు."

"అప్పటికి నువ్వు ఇంకా పెద్దయిపోతావుగా!"

"అవుతాను," అంది పిచ్చుక. "పద, కిందికెళ్దాం. ఆ పట్టుకోవడం చూడు, రెయిలింగు ఆ చేత్తో కాదు, ఈ చేత్తో."

కింది మెట్టు మీద సంచీతో పైకి వస్తున్న పిండికట్టక్క గోడవైపు ఒదిగి వాళ్ళకి దారిచ్చింది.